ఇంజనీరు లలిత

ఒక బాలిక తోడి బాలికలవలె గాక వేఱొక విద్యయందు మక్కువ చూపినచో లోకము రెండు విధములుగ మాటలాడుట కలదు. "ఇది ఆడపిల్లలకు తగిన పనియా?" యని కొందఱు వెక్కిరింతురు. "నీవు అందఱి ఆడపిల్లలవంటిదానవు కావు" అని మఱికొందఱు మెచ్చుకొందురు. మొదటిది నింద, రెండవది పొగడ్త. కాని రెండిటికిని మూలమొక్కటియే. ఆడతనము వేఱు, తెలివితేటలు వేఱు అను తలంపే ఆ మూలము. ఈ తలంపు ఎంత నిరాధారమైనదో అయ్యలసోమయాజుల లలిత జీవితము తెలుపుచున్నది.

లలిత 1919వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన మదరాసు నగరమున ఒక తెలుగు కుటుంబమునందు జన్మించెను. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీయందలి ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛక్తి శాఖాచార్యులు. ఆ యింట సోదరులు ఇంజనీరింగు చదివిరి. సోదరీమణుల చదువు చిన్న తరగతులతోనే ముగిసెను. లలితకు 1934లో, పదునైదవ యేట, వివాహమయ్యెను. అయినను తండ్రి యామెచే ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేయించెను. 1937లో ఆమెకొక కుమార్తె కలిగెను. బిడ్డ నాలుగు నెలలదై యుండగా భర్త మరణించెను. అప్పటికి లలిత వయస్సు పదునెనిమిదేండ్లు.

ఆ కాలమున చిన్నతనమున భర్తను గోల్పోయిన స్త్రీ శుభకార్యములకు దూరమై, ఇంటిలో ఒక మూలకు ఒదిగి, ఇతరులపై నాధారపడి బ్రతుకవలసి యుండెను. లలిత తన కాళ్లమీద తాను నిలువవలెనని నిశ్చయించుకొనెను. తండ్రి ఆమెకు అండగా నిలిచెను. క్వీన్ మేరీ కళాశాలలో చదివి, ఆమె ఇంటర్మీడియటు పరీక్షయందు ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలయ్యెను.

పిదప ఏమి చదువవలెను? ఉన్నత విద్య నభ్యసింపగోరిన స్త్రీలకు ఆనాడు వైద్యము కొంత పరిచితమైన మార్గము. కాని వైద్యవృత్తికి వేళాపాళ లుండవు. అర్ధరాత్రమున నైనను పిలుపు రావచ్చును. పసిబిడ్డను వేళగాని వేళ విడిచిపోవుట లలితకు ఇష్టము లేకుండెను. నియమితమైన పనివేళలు గల ఇంజనీరింగును ఆమె యెన్నుకొనెను. పురుషులదని లోకమెంచిన విద్యను ఆమె చేపట్టుటకు బిడ్డపై గల ప్రేమయు నొక కారణమగుట గమనింపదగిన విషయము.

గిండీ కళాశాలలో అంతవఱకు స్త్రీలు చేరియుండలేదు. సుబ్బారావుగారు ప్రిన్సిపాలు కె.సి. చాకోగారితోను, విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎం. స్టాథమ్‌గారితోను మాటలాడి వారి యనుమతిని పొందిరి. లలిత విద్యుచ్ఛక్తి శాఖలో చేరెను. వందలకొలది యువకుల నడుమ ఆమె యొక్కతెయే విద్యార్థిని. తోటి విద్యార్థు లామెను ఆదరముతోనే చూచిరి. అయినను వసతిగృహమున ఒంటరితనము ఆమెను బాధించెను. కుమార్తె సమీపముననే బంధువుల యింట పెరుగుచుండెను. వారము చివర లలిత పోయి చూచి వచ్చుచుండెను. తక్కిన దినములలో మనసు విప్పి మాటలాడుటకు తోడి యాడపిల్ల యొక్కతెయు లేదు.

అట్టి స్థితిలో నున్నవారు తామొక్కరే గొప్పవారమని మురిసిపోవుటయు కలదు. లలిత కోరినది తోడు. ఆమె ఒంటరితనమును గ్రహించి తండ్రి మరల అధికారులతో మాటలాడెను. కళాశాలలో స్త్రీలకు ప్రవేశము కలదని ప్రకటన వెలువడెను. మఱుసటి యేడు లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అను ఇద్దఱు సివిల్ ఇంజనీరింగు శాఖలో చేరిరి. రెండవ ప్రపంచయుద్ధ కారణమున చదువు కాలమును కొన్ని నెలలు తగ్గించుటచే, ముగ్గురును ఒక్కసారియే చదువు ముగించిరి.

వారి పట్టాల విషయమున ఒక చిత్రము జరిగెను. ఇంజనీరగువాడు పురుషుడే యను తలంపుతో, ఆ యాంగ్లపత్రములందు పురుషవాచక సర్వనామమును ముందుగనే అచ్చువేసి యుంచిరి. అధికారులు ఆ మాటను కొట్టివేసి, స్త్రీవాచకమును చేర్చి యిచ్చిరి. చదివిన వారియందు కొఱత లేదు. కొఱత ఆ కాగితమునందే యుండెను.

లలిత జమాల్పూరు రైల్వే కర్మాగారమున శిక్షణ పొంది, 1944లో సిమ్లాలో కేంద్రప్రభుత్వ ప్రమాణసంస్థయందు ఉద్యోగినియయ్యెను. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అను సంస్థలో చేరెను. విద్యుత్తును దూరప్రదేశములకు కొనిపోవు తీగమార్గములకును, ఉపకేంద్రములకును నమూనాలు రచించుట ఆమె పని. భాక్రా నంగల్ ఆనకట్టయొక్క విద్యుదుత్పాదక యంత్రముల పనియందును ఆమె పాలుగొనెను. ఇంతటి పనిలో నున్నను ఆమె చీరకట్టు మానలేదు. బంధువుల సాయముతో కుమార్తెను పెంచి చదివించెను.

1964 జూన్ నెలలో న్యూయార్కు నగరమున మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభ జరిగెను. లలిత దానికి హాజరయ్యెను. 1967లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో రెండవ సభ జరుగునప్పుడు భారతదేశపక్షమున ఆమె కృషిచేసెను. ఒకనాడు తోడులేక బాధపడిన విద్యార్థిని, పిదప తనవంటి స్త్రీల నొకచోట చేర్చుటకు పూనుకొనెను. ఆమె 1979 అక్టోబరు 12వ తేదీన మరణించెను. ఆమె సహాధ్యాయిని త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యెను.

గిండీలో లలిత ఒక్కతెయే యుండుటకు కారణమేమి? తక్కిన ఆడపిల్లలకు బుద్ధి తక్కువయై కాదు. తలుపు మూసియుండుటచేత వారు లోనికి రాలేదు. తెఱచిన మఱుసటి యేడే ఇద్దఱు వచ్చిరి. కావున యంత్రములందు ప్రీతిగల బాలికను వింతగా చూడరాదు. ముగ్గులందును, కుట్టుపనియందును ప్రీతిగల బాలికను చులకన చేయరాదు. ఒక్క బాలికయందే ఆ రెండు ప్రీతులును ఉండవచ్చును.

ప్రశ్నలు

1. లలిత వైద్యవిద్యను కాదని ఇంజనీరింగును ఏల యెన్నుకొనెను?
2. పట్టాల విషయమున జరిగిన చిత్రమేమి? దానివలన ఏమి తెలియుచున్నది?
3. "నీవు అందఱి ఆడపిల్లలవంటిదానవు కావు" అను మాట నిజముగ పొగడ్తయేనా? మీ యభిప్రాయమును వ్రాయుడు.