అప్‌డేటు తరువాత కంప్యూటరు మందగించిన యెడల

విద్యార్థి యున్న ఇంట కంప్యూటరు నేడు విలాసవస్తువు కాదు. పలకవలె, పుస్తకమువలె అదియు నిత్యోపకరణమైనది. అయితే పలకకు లేని చిక్కొకటి దీనికి కలదు. నిన్నటివరకు చక్కగా నడచిన యంత్రము, రాత్రి అప్‌డేటు ముగిసిన పిమ్మట, ఉదయమున ఒక ఫైలు తెరచుటకే పెక్కు నిమిషములు తీసికొనును. పరీక్షల ముందు ఇట్లు జరిగినచో పిల్లలకు ఆందోళనము, పెద్దలకు ఖర్చు భయము కలుగును. అట్టి తొందరలో యంత్రమంతయు తుడిపించి విండోస్‌ను తిరిగి ఎక్కింపజేయువారును, క్రొత్తది కొనువారును కలరు. తుడిపించుటలో పిల్లవాడు ఏడాది పొడుగున వ్రాసికొన్న పాఠములు పోవచ్చును. క్రొత్తది కొనుటలో ఒక పంట రాబడి పోవచ్చును. పెక్కు సందర్భములలో ఈ రెండును అనవసరములు. విండోస్ కంప్యూటరు గల తల్లిదండ్రులు వరుసగా ఏమి చేయవలయునో ఇచట వివరింపబడుచున్నది.

మొదట వేచియుండవలెను

దిబ్బూరహళ్ళి పరిసరములలో పట్టుపురుగుల పెంపకము ఎరుగనివారు అరుదు. పురుగు గూడు కట్టులోపల నాలుగు మారులు జ్వరమునకు కూర్చుండును. అప్పుడది ఆకు ముట్టదు, కదలదు. అది రోగము కాదు, పాత చర్మమును విడుచు సమయము. అనుభవముగల రైతు ఆ వేళ ఆకు వేయడు, తట్టను కదల్పడు. జ్వరము విడువవలసిన వేళకు పురుగు లేవకున్నప్పుడే రోగమని శంకించును.

అప్‌డేటు తరువాతి మందగతియు తరచుగా ఇట్టిదే. తెరమీద పని ముగిసినట్లు కనిపించినను, లోపల పాత ఫైళ్ళ తొలగింపు, ఫైళ్ళ విషయసూచికను తిరిగి కూర్చుట, వైరస్ పరీక్ష మున్నగునవి సాగుచుండును. కావున యంత్రమును కరెంటునకు తగిలించి, ఇంటర్నెట్టుతో కలిపి, కొన్ని గంటలు దానిమానమున దానిని విడువవలెను. పెద్ద అప్‌డేటైనచో ఒక దినము ఓపిక పట్టుట మేలు. నడుమ బలవంతముగా ఆపినచో సగము జరిగిన పని చెడును.

పిమ్మట ‘రీస్టార్ట్’ చేయవలెను. ‘షట్ డౌన్’ చాలునని పలువురు తలంతురు. కాని పెక్కు కంప్యూటర్లలో ‘ఫాస్ట్ స్టార్టప్’ అను ఏర్పాటుండుటచే, షట్ డౌన్ చేసినను విండోస్ తన స్థితిలో కొంత భాగమును దాచుకొని, మరునాడు అక్కడినుండియే లేచును. రీస్టార్ట్ మాత్రమే మొదటినుండి ఆరంభించును.

తరువాత పరిశీలింపవలెను

దినము గడచినను మందగతి పోనియెడల కారణమును వెదుకవలెను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మీటలు మూడును ఒక్కసారి నొక్కినచో ‘టాస్క్ మేనేజర్’ తెరచుకొనును. అందు సి.పి.యు., మెమరీ, డిస్క్ అను నిలువు వరుసలు కనిపించును. సి.పి.యు. పనివాడు, మెమరీ అతడు పని పరచుకొను బల్ల, డిస్క్ సామానుల గది అని తలంచిన సులభముగా బోధపడును. ఏ వరుస తలమీద నొక్కిన ఆ వరుసలో ఎక్కువ భారము మోపుచున్న ప్రోగ్రాము పైకి వచ్చును.

డిస్క్ వరుస 100 శాతము చూపుచు, పైన విండోస్ అప్‌డేటు గాని వైరస్ పరీక్ష గాని ఉన్నచో లోపలి పని ఇంకను ముగియలేదని అర్థము. మెమరీ నిండియున్నచో బల్ల చాలలేదని అర్థము. యంత్రము తెరచిన వెంటనే తమంతట తాము లేచు ప్రోగ్రాములను, అదే టాస్క్ మేనేజరులోని ‘స్టార్టప్’ విభాగమున నిలుపవచ్చును. అచట వైరస్ రక్షణను మాత్రము నిలుపరాదు. సి.పి.యు.ను ఒకే ప్రోగ్రాము పట్టి విడువనిచో దాని పేరు కాగితముమీద వ్రాసికొనవలెను. మరమ్మతు చేయువానికి ‘మెల్లగా ఉన్నది’ అనుటకంటె ఆ పేరు చెప్పుట ఎక్కువ ప్రయోజనకరము.

సి డ్రైవులో ఖాళీ ఎంత యున్నదో కూడ చూడవలెను. విండోస్ ఒక సంచికనుండి మరొక సంచికకు మారునప్పుడు పాతది ‘విండోస్.ఓల్డ్’ అను ఫోల్డరులో సాధారణముగా 10 దినములు నిలువయుండి, చాల చోటు ఆక్రమించును. ఆ గడువులోపల సెట్టింగ్స్‌లోని ‘రికవరీ’ విభాగమునుండి పాత సంచికకు మరలిపోవచ్చును. కావున నిర్ణయము చేసికొనకముందే ఆ ఫోల్డరును తుడిచివేయరాదు.

దోషము అప్‌డేటులోనే యున్నచో

ఒక్కొక్కప్పుడు దోషము నిజముగా అప్‌డేటుదే. 2019 ఆగస్టు 30న విండోస్ 10కు వెలువడిన అప్‌డేటు తరువాత కొందరి యంత్రములలో వెదకుడు ప్రోగ్రాము సి.పి.యు.ను అధికముగా వాడుకొనసాగెను. సెప్టెంబరు 10న వచ్చిన మరొక అప్‌డేటు దానిని సరిదిద్దెను. ఇట్టి సందర్భమున ‘అప్‌డేట్ హిస్టరీ’ విభాగమునుండి క్రొత్త అప్‌డేటును తొలగించి, సవరణ వచ్చువరకు కొన్ని దినములు నిలుపవచ్చును. ముందుగా పిల్లల ఫైళ్ళను పెన్‌డ్రైవులోనికి నకలు తీయుట మరువరాదు.

మరొకప్పుడు మందగతి భద్రతకు చెల్లించు మూల్యము. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అను లోపములు ప్రాసెసర్లలో బయలుపడెను. వానికి చేసిన రక్షణవలన, ముఖ్యముగా పాత యంత్రములలో, వేగము తగ్గవచ్చునని మైక్రోసాఫ్ట్ సంస్థయే తెలిపెను. తలుపునకు గడియ వేసినచో లోనికి పోవుటకు కొంత ఆలస్యమగును. అంతమాత్రమున గడియ పీకివేయుదుమా?

కావున అప్‌డేట్లను శాశ్వతముగా ఆపివేయుట ఉపాయము కాదు. తెలుగువారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగిన ఉదాహరణమొకటి కలదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అను సంయుక్తాక్షరము యొక్క ఒక రూపము సందేశములో వచ్చినంతనే ఆపిల్ ఫోనులలో ఆ సందేశముల ప్రోగ్రాము కూలిపోయెను. జ్ఞానమను మాటలోని మొదటి అక్షరమే యంత్రమునకు కొరుకుడుపడలేదు! ఆ నెల 19వ తేదీన వెలువడిన అప్‌డేటే దానిని చక్కదిద్దెను. చెరచినది అప్‌డేటైనను బాగుచేయునదియు అప్‌డేటే.

యంత్రము పాతదైనచో

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు కనీసము 4 జీ.బీ. మెమరీ, 64 జీ.బీ. నిలువచోటు కావలెను. అయితే కనీసము వేరు, సుఖము వేరు. తిరుగుడు పళ్ళెములుగల పాత హార్డ్ డిస్కునకు మారుగా ఎస్.ఎస్.డి. అమర్చి, వీలైనచో మెమరీ పెంచినయెడల పెక్కు పాత యంత్రములు చురుకుదేరును. క్రొత్తది కొనుటకు ముందు దీనిని విచారించుట ఉత్తమము.

తుదకొక హెచ్చరిక. ‘మీ కంప్యూటరు వేగము పెంచెదము’ అని తెరమీద కనబడు ప్రకటనలను నొక్కరాదు. అడుగకయే ఫోను చేసి బాగుచేసెదమను అపరిచితులకు యంత్రమును అప్పగింపరాదు. మైక్రోసాఫ్ట్ పిలువకుండ ఎవరికిని ఫోను చేయదు.

మొదట ఓపిక, తరువాత పరిశీలన, ఆపైననే చికిత్స. ఈ వరుసను పెద్దలు పాటించునప్పుడు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొందురుగాక. టాస్క్ మేనేజరులోని అంకెలను వారిచేతనే చదివింపుడు, కారణమును వారినే ఊహింపనిండు. కంప్యూటరు బాగుపడుటతోపాటు, లక్షణమును చూచి కారణమును వెదకు పద్ధతి వారికి అలవడును. విజ్ఞానశాస్త్ర బోధనకు పరమార్థము అదియే కదా!