ఆ గోలీ గురించి ఎవరి మాట వినాలి?

మా పెద్దమ్మకు డెబ్బై దాటాయి. గుండెకు స్టెంట్ వేశాక, రాత్రి భోజనం అయ్యాక వేసుకోమని కొలెస్ట్రాల్ గోలీ రాశారు. రెండేళ్లు క్రమం తప్పకుండా వేసుకుంది. ఒకరోజు ఎవరో పంపిన వీడియోలో "ఈ గోలీ కండరాలను తినేస్తుంది" అని విని మానేసింది. తొడల్లో లాగుడు అంతకుముందు నుంచే ఉంది కాబట్టి నమ్మకం కుదిరింది. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు.

నేను ఆమెను తప్పుపట్టలేదు. తన ఒంట్లోకి పోయే మందు సంగతి తెలుసుకోవాలనుకోవడం మంచి బుద్ధే. కాకపోతే ఎక్కడ వెతకాలో, విన్న మాటను ఎలా తూచాలో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఆ పని నేర్చుకోవడానికి ఫార్మసీ చదవక్కర్లేదు. గోలీల స్ట్రిప్, ఫోను, ఒక కాగితం, అరగంట తీరిక ఉంటే మొదలుపెట్టవచ్చు. ఒక్క షరతు: చదివినదాన్ని బట్టి మందు మీరే మానకండి, మీరే మొదలుపెట్టకండి. ఫిట్స్ మందులు, స్టెరాయిడ్లు, రక్తం పలచబడే మందులు, కొన్ని బీపీ మందులు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

మొదటి పని: అసలు పేరు పట్టుకోండి

మనం మందును కంపెనీ పెట్టిన పేరుతో గుర్తుపెట్టుకుంటాం. ఆ పేరుతో వెతికితే అమ్మేవాళ్ల పేజీలే ముందుకొస్తాయి. స్ట్రిప్ మీద ఉండే అసలు పేరు, అంటే జెనరిక్ పేరు చూడండి. చాలా మందుల మీద అది బ్రాండ్ పేరుకన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలన్న నిబంధన 2018 నుంచి ఉంది. పక్కనే మిల్లీగ్రాముల అంకె ఉంటుంది. రెండూ కాగితం మీద రాసుకోండి.

ఒకే గోలీలో రెండు మూడు మందులు కలిసి ఉంటే అన్నీ రాయండి. జలుబు గోలీల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. దాంతోపాటు జ్వరం గోలీ విడిగా వేసుకుంటే అదే మందు రెండుసార్లు కడుపులోకి పోతుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. దాటితే దెబ్బ కాలేయానికి. అమెరికాలో ఉన్న పిల్లలు పంపే గోలీల దగ్గర ఇంకో చిక్కు ఉంది. అక్కడ అసిటమినోఫెన్ అంటే మన పారాసిటమాలే, ఆల్‌బ్యుటెరాల్ అంటే మన సాల్‌బ్యుటమాలే. రెండు దేశాల సీసాలున్న ఇంట్లో ఈ పోలిక రాసి గోడకు అంటించుకోవాలి.

షాపులో నాలుగు గోలీలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరున్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. అప్పుడే ఆ ముక్కను ఫొటో తీసుకోండి, బిల్లు అడగండి. బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోనుతో చూస్తే జెనరిక్ పేరు, బ్యాచ్ నంబరు, తయారీ, గడువు తేదీలు కనిపిస్తాయి.

రెండో పని: అభిప్రాయాలకన్నా ముందు ఆధారం చదవండి

వీడియోల జోలికి పోకముందే ఆ మందు గురించి అధికారికంగా ఏం రాశారో చదవాలి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్, బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్ మందుల పేజీలు ఉచితం, ప్రకటనలు లేనివి, సులువైన ఇంగ్లిషులో రాసినవి. ఎవరు వాడకూడదు, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి అన్నవన్నీ ఉంటాయి. ఇంగ్లిషు రానివాళ్లు ఫోనులో అనువాదం పెట్టుకుని చదవవచ్చు. అయితే అంకెలు, "వద్దు", "కూడదు" అన్న మాటలు మాత్రం ఇంట్లో చదువుకున్నవాళ్ల చేత అసలు పేజీలో సరిచూపించుకోండి. యంత్రం తడబడేది అక్కడే.

దుష్ప్రభావాల జాబితా చూసి గుండె జారుతుంది. అందులో వాడే మాటలకు లెక్క ఉంది. ఐరోపా పద్ధతిలో "చాలా సాధారణం" అంటే పది మందిలో ఒకరికి లేదా అంతకన్నా ఎక్కువ మందికి. "అరుదు" అంటే పదివేల మందిలో ఒకరి నుంచి పది మంది వరకు. ఈ రెండింటినీ ఒకే గొంతుతో చదివి భయపెట్టే వీడియోను అక్కడే ఆపేయవచ్చు.

మూడో పని: "దేంతో పోల్చి?" అని అడగండి

నేర్చుకోవాల్సినవాటిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదేనని నా నమ్మకం. మందు గురించి ఎవరు ఏం చెప్పినా, దేంతో పోల్చి చెబుతున్నారో చూడాలి. ఆ పోలిక లేని మాట ఎంత గట్టిగా చెప్పినా సగం మాటే.

పెద్దమ్మ మానేసిన గోలీ స్టాటిన్ జాతిది. దుష్ప్రభావాలు వచ్చాయని చెప్పి స్టాటిన్లు మానేసిన 60 మందితో లండన్‌లో ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. ఒక్కొక్కరికి పన్నెండు సీసాలు ఇచ్చారు, నెలకొకటి. నాలుగింటిలో అటోర్వాస్టాటిన్, నాలుగింటిలో మందు లేని ఉత్తుత్తి గోలీలు, నాలుగు ఖాళీ. ఖాళీ సీసా నెల తెలిసిపోతుంది గానీ, గోలీలున్న నెలల్లో అది మందో ఉత్తుత్తిదో తెలియదు. బాధ ఎంతుందో రోజూ ఫోనులో అంకె వేయాలి. గోలీ లేని నెలల్లో సగటు బాధ 8. మందున్న నెలల్లో 16.3. ఉత్తుత్తి గోలీ నెలల్లో 15.4.

బాధ అబద్ధం కాదు. గోలీ మింగినప్పుడు అది నిజంగానే పెరిగింది. అయితే ఆ పెరుగుదలలో నూటికి తొంభై వంతులు ఉత్తుత్తి గోలీకి కూడా వచ్చింది. "నాకు పడలేదు" అన్నవాళ్లంతా నిజమే చెప్పారు, కారణమే వేరుగా ఉంది. ఆ ప్రయోగం తర్వాత సగం మంది మళ్లీ మందు మొదలుపెట్టారు.

పోలిక దాచిపెట్టి అంకె చెప్పినా ప్రమాదమే. 1995లో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరిక వచ్చింది. రెట్టింపు అనగానే ఎంతోమంది ఆడవాళ్లు మాత్రలు మానేశారు. అనుకోని గర్భాలు, గర్భస్రావాలు పెరిగాయి. అసలు లెక్క ఏడు వేల మందిలో ఒకరి నుంచి ఇద్దరికి. "రెట్టింపు", "సగం", "యాభై శాతం" అని వినిపిస్తే ఎంత మందిలో ఎంత మందికి అని వెతకండి. చెప్పకపోతే ఆ మాటను పక్కన పెట్టేయండి.

తర్వాత చూడాల్సింది, చెప్పేవాళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని. వీడియో చివర పొడి డబ్బా అమ్మితే తెలిసిపోతుంది. షుగర్‌ను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. ప్రకటనలు తీసుకోకుండా మందులను విమర్శించేవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్స్‌లో 1981 నుంచి వస్తున్న ప్రెస్క్రీర్ పత్రిక చందాదారుల డబ్బుతోనే నడుస్తుంది. 1993లో మొదలైన కోక్రేన్ సంస్థ ఒక మందు మీద జరిగిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి, సామాన్యులకు అర్థమయ్యే సారాంశం కూడా ఉచితంగా ఇస్తుంది. వడోదరలోని లోకాస్ట్ సంస్థ తక్కువ ధరకు మందులు తయారు చేస్తూనే, సామాన్యుల కోసం మందుల మీద పుస్తకం వేసింది.

తేదీ చూడటం మరవకండి. కడుపులో మంటకు దశాబ్దాలపాటు వాడిన రానిటిడిన్‌ను, ఎన్‌డీఎంఏ అనే మలినం కారణంగా 2020 ఏప్రిల్‌లో అమెరికా మార్కెట్ నుంచి తీసేయమన్నారు. పిల్లల జ్వరానికి విరివిగా ఇచ్చిన నిమెసులైడ్‌ను 2011లో మన దేశంలో పన్నెండేళ్ల లోపు వాళ్లకు నిషేధించారు. అంతకుముందు రాసిన మంచి వ్యాసం కూడా ఇప్పుడు తప్పుదోవే.

"నాకు పడలేదు" అన్నవాళ్ల మాట

సొంత అనుభవం చెప్పేవాళ్లను కొట్టిపారేయకండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులతో కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. అది మందు వల్లేనని తెలియక నెలల తరబడి దగ్గు సిరప్‌లు తాగేవాళ్లుంటారు. ఆమ్లోడిపిన్‌తో పాదాలు వాయవచ్చు. ఇలాంటివి తోటి రోగి నోట వింటేనే చాలామందికి తడతాయి. అలా విన్నదాన్ని తీర్పుగా కాక ప్రశ్నగా తీసుకుని కాగితం మీదికి ఎక్కించండి.

చివరి పని: కాగితం పట్టుకుని వెళ్లండి

డాక్టరు దగ్గర దొరికేది ఐదు నిమిషాలు. "వీడియోలో ఇలా ఉందండీ" అని మొదలుపెడితే అందులో సగం పోతుంది. "రామిప్రిల్ మొదలుపెట్టిన పది రోజులకు పొడి దగ్గు వచ్చిందండీ, జ్వరం లేదు. దీనివల్లేనా? వేరేది ఉందా?" అని అడగండి. పేరు, మోతాదు, ఎప్పటి నుంచి, ఏమిటి బాధ. ఈ నాలుగూ ఉంటే డాక్టరుకు జవాబు చెప్పడం తేలిక.

మందు వల్ల ఇబ్బంది కలిగిందని అనుమానం ఉంటే రోగి కూడా నేరుగా ప్రభుత్వానికి చెప్పవచ్చు. 2010లో మొదలైన జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత ఫోను నంబరు ఉంది, పని దినాల్లో పలుకుతుంది. రోగులు నింపే ఫారం తెలుగులోనూ దొరుకుతుంది.

పెద్దమ్మ గోడ మీది క్యాలెండర్‌లో నొప్పి ఉన్న రోజుల మీద సున్నా చుట్టడం మొదలుపెట్టింది. మందు ఇంకా మానేసి ఉన్న మూడు వారాల్లో పదకొండు సున్నాలు వచ్చాయి. ఆ క్యాలెండర్ కాగితాన్నే చింపి డాక్టరు ముందు పెట్టింది. ఆయన రక్తపరీక్ష చేయించి, చూసి, తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు కూడా నెలకు కొన్ని సున్నాలు పడుతూనే ఉన్నాయి. గోలీ మాత్రం రాత్రి తొమ్మిదికి వేసుకుంటోంది.