స్తోత్రం నోటి మాటగా మారితే

ప్రశ్న: అయ్యగారూ, రోజూ కుటుంబ ప్రార్థన చేస్తాం. కానీ స్తోత్రం అనే మాట అలవాటుగా వచ్చేస్తోంది, మనసు కదలడం లేదు. పైగా ఈ ఏడాది మావారి ఉద్యోగం పోయింది. కృతజ్ఞత ఎలా కలుగుతుంది? – ఒక సోదరి, ఏలూరు

జవాబు: అమ్మా, ముందు మీ బాధ దేవునితో చెప్పుకోండి. 13వ కీర్తన ఉన్నది 6 వచనాలే. ఫిర్యాదుతో మొదలై పాటతో ముగుస్తుంది. ఫిర్యాదు మింగేసి పాట అందుకోవడం దావీదు వల్లే కాలేదు.

ఇక అలవాటు సంగతి. 136వ కీర్తనలో 26 వచనాలకూ ఒకటే పల్లవి. అయినా విసుగు రాదు. ఎందుకంటే ప్రతిసారీ ఒక మేలును పేరు పెట్టి చెబుతుంది: సూర్యుడు, చంద్రుడు, ఎర్రసముద్రం, చివర్లో ఆహారం. మీరూ ‘అన్నిటికీ స్తోత్రం’ అనడం మానేసి, ఆ రోజు జరిగిన ఒక్క మేలు చెప్పండి. పాపకు జ్వరం తగ్గింది, ఫీజుకు పక్కింటివాళ్లు డబ్బు సర్దారు, అంతే చాలు. ముందు పిల్లల్ని చెప్పనివ్వండి, వాళ్లకింకా మన ప్రార్థన భాష పట్టుబడలేదు, అదృష్టం!

ఆ డబ్బు సర్దినవాళ్లకు కూడా నోరారా చెప్పండి. లూకా 17లో పదిమంది బాగుపడితే తిరిగొచ్చి చెప్పింది ఒక్క సమరయుడే.

ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాలనుకుంటే, భోజనాల కోసం అప్పు చేయకండి. ఆదివారం లేచి రెండు మాటలు సాక్ష్యం చెప్పండి, సరిపోతుంది.