సెషన్‌లో ఏవేవి దాచొచ్చు?

ప్రశ్న: పొందూరు ఖద్దరు అమ్మే వెబ్‌సైట్‌ను ఏఎస్‌పీ డాట్‌నెట్‌లో రాస్తున్నాను. అంకెలు, తేదీలు, కొనేవారి బుట్ట అన్నీ సెషన్‌లో పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: పెట్టొచ్చండి. సెషన్ దేన్నైనా ‘ఆబ్జెక్ట్’గానే దాస్తుంది. తిరిగి తీసేటప్పుడు అసలు రకానికి మార్చుకోవాలి. అంతకంటే ముందు అది ‘నల్’ కాదని చూసుకోవాలి. పంచె ఎంచుకుని, ఇంట్లో అడిగొద్దామని వెళ్లినాయన 20 నిమిషాలు దాటాక వస్తే బుట్ట ఖాళీ! మామూలు గడువు అంతే.

సెషన్ సర్వర్ మెమరీలో ఉన్నంతకాలం ఏ రకమైనా చెల్లుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మార్చారా, బుట్ట క్లాసుకు ‘సీరియలైజబుల్’ గుర్తు లేకుంటే ఎర్రర్ ఖాయం. ఆ గుర్తు ఇప్పుడే పెట్టేయండి. పొందూరులో వాలుగ చేప దవడతో దూది ఏకే ఫొటోలు ముచ్చటగానే ఉంటాయి గానీ, వాటిని సెషన్‌లో కూరకండి. బట్ట నంబరు, ఎన్ని మీటర్లో ఉంచితే చాలు. ధర మాత్రం ఎప్పటికప్పుడు డేటాబేస్ నుంచే తీసుకోండి.