మొరాకో కంటే ముందు కొత్తవాడ

ప్రశ్న: మాది తాండూరు. మొరాకో యాత్రలో ఒకరోజు తివాచీ నేత శిక్షణలో చేరదామనుకుంటున్నాను. ఇక్కడే కాస్త చేయి తిప్పుకునే వీలుందా?

జవాబు: ఉంది. కందులకూ నాపరాళ్లకూ పేరుమోసిన మీ ఊళ్లో కాదు, వరంగల్‌లో. వికారాబాద్ మీదుగా సికింద్రాబాద్ చేరి, అక్కడ రైలు మారండి. వరంగల్‌లోని కొత్తవాడలో నేసే జంపఖానాలకు ‘వరంగల్ జంపఖానాలు’గా 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పని చూడాలంటే అక్కడి చేనేత సహకార సంఘంవారిని ముందే అడిగి వెళ్లండి.

అయితే రెండూ ఒకటి కావు. జంపఖానాలో ముడులుండవు, పేకే రంగులు మారుతూ పడుగును కప్పేస్తుంది. మొరాకోలో అమజిగ్ మహిళలు నిలువు మగ్గంపై ఉన్నిని వరసగా ముడివేసి, మధ్యలో పేక పోసి, బరువైన ఇనుప దువ్వెనతో దిగ్గొడతారు. మన ఏలూరు తివాచీలదీ ముడుల పనే.

కొత్తవాళ్లు ముడి దగ్గర తడబడతారనుకుంటాం గానీ, అసలు చిక్కు అంచుల్లో. పేకను బిగలాగితే నేత నడుము సన్నబడుతుంది. దాన్ని విల్లులా వదులుగా వేసి, ఆపైన కొట్టాలి. చెక్క చట్రానికి మేకులు దిగ్గొట్టి, నూలు దారంతో ఇంట్లోనే సాధన చేయండి.

ఒక్కరోజులో తివాచీ రాదు, అరచేతి వెడల్పు ముక్క వస్తే గొప్పే. నేర్పేది నేతగత్తెలేనా, రుసుములో వారికెంత ముడుతుందో అడిగాకే డబ్బు కట్టండి.