వెన్నుపాముకు దెబ్బ: కొత్త చికిత్సలు, మన కర్తవ్యం

వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వెన్నెముక ఎముకల దొంతర. దాని లోపలి గొట్టంలో భద్రంగా ఉండే నాడుల తాడే వెన్నుపాము. పెద్దవారిలో దీని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, మందం మన చిటికెన వేలంత. కాలు కదపమని మెదడు ఇచ్చే ఆజ్ఞ, కాలికి ముల్లు గుచ్చుకుందని మెదడుకు చేరే కబురు రెండూ ఈ దారినే వెళ్తాయి. మెడ దగ్గర దెబ్బ తగిలితే కాళ్లూ చేతులూ, వీపు దగ్గర తగిలితే కాళ్లు పడిపోవచ్చు. మలమూత్రాల మీద అదుపు కూడా తప్పుతుంది. రోడ్డు ప్రమాదాలు, చెట్టు మీద నుంచో మేడ మీద నుంచో పడటం మన దేశంలో దీనికి ముఖ్య కారణాలు.

ఎందుకు అతకదు?

విరిగిన ఎముక అతుకుతుంది. చేతిలో తెగిన నరం కూడా రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగగలదు. వెన్నుపాములో అలా జరగదు. దెబ్బ తగిలిన చోట మచ్చ కట్టి దారికి అడ్డుపడుతుంది. నాడీ తంతువుల చుట్టూ ఉండే కొవ్వు పొరలోని కొన్ని ప్రోటీన్లు కూడా కొత్త పెరుగుదలను ఆపేస్తాయి.

మూడు కొత్త దారులు

1. విద్యుత్ ప్రేరణ: చాలామందిలో వెన్నుపాము పూర్తిగా తెగదు, కొన్ని తంతువులు మిగిలే ఉంటాయి. వాటిని స్వల్ప విద్యుత్తుతో మేల్కొలిపి, వ్యాయామం చేయిస్తారు. మెడ చర్మంపై అతికించే ఒక పరికరాన్ని 60 మందిపై పరీక్షించగా 72 శాతం మందికి చేతుల బలం, పనితనం మెరుగుపడ్డాయి. 2024 డిసెంబరులో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది.

2. మెదడు నుంచి వంతెన: స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగరంలో గ్రెగ్వార్ కూర్తిన్, జోస్లిన్ బ్లాక్ బృందం ఒక రోగి మెదడుపై సంకేతాలు గ్రహించే పరికరాన్ని, వెన్నుపాముపై విద్యుత్ పరికరాన్ని అమర్చింది. నడవాలని అతడు తలచగానే ఆ సంకేతం వైరు లేకుండా కిందికి చేరుతుంది. 2023లో ఈ ఫలితం వెల్లడైంది. అతడు నిలబడ్డాడు, నడిచాడు, మెట్లెక్కాడు.

3. మూలకణాలు: జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయం వైద్యులు ప్రయోగశాలలో పెంచిన కణాలను నలుగురికి ఎక్కించారు. 2025లో చెప్పిన ప్రకారం ఇద్దరిలో కదలిక మెరుగైంది. నలుగురిని చూసి మందు తేలినట్టు చెప్పలేము.

ఇక్కడే జాగ్రత్త

ఇవేవీ పూర్తిగా నయం చేసే చికిత్సలు కావు. అయినా, మూలకణాల ఇంజెక్షన్‌తో నడిపిస్తామని లక్షలు అడిగేవారు ఉన్నారు. వెన్నుపాము గాయానికి ఇది నిరూపితమైన చికిత్స కాదని, అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా తప్ప చేయరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరిశోధనలో చేరే రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోరు. డబ్బు అడిగితే అనుమానించాలి. పొలమో నగలో అమ్మే ముందు ప్రభుత్వాసుపత్రిలోని న్యూరాలజీ వైద్యుని సలహా తీసుకోండి.

మనం చేయగలిగింది

ప్రమాదంలో పడినవారిని చేతులు, కాళ్లు పట్టి ఎత్తకండి, కూర్చోబెట్టకండి. తల, మెడ కదలకుండా పట్టుకొని 108కు ఫోన్ చేయండి. మంచానపడ్డవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకుంటే ఒత్తిడి పుండ్లు పడతాయి. ఆ పుండ్లు, మూత్రంలో చీము వంటి ఇన్ఫెక్షన్లు ప్రాణం తీయగలవు. కనుక దాతలు ఇచ్చే సొమ్ము మంచి చక్రాల కుర్చీకి, గాలి పరుపుకు, మూత్రపు గొట్టాలకు, ఫిజియోథెరపీకి చేరితే అది ఈరోజే ఫలితమిస్తుంది. రేపటి చికిత్స వచ్చేనాటికి దాన్ని అందుకునే శరీరం ఆరోగ్యంగా ఉండాలి కదా!