ప్రశ్నకు భయపడని విశ్వాసం



కాలేజీలో చదివే మీ అబ్బాయి ఇంటికి వచ్చి, "దేవుడు ఉన్నాడని ఎలా చెప్పగలరు?" అని అడిగితే ఏమంటారు? "వెళ్లి జపమాల చెప్పుకో" అని కసురుతారా? అంతకంటే ముందు పాశ్చాత్య తత్వశాస్త్ర చరిత్రను ఒకసారి చూద్దాం. దానిని సాధారణంగా నాలుగు కాలాలుగా విభజిస్తారు.

ప్రాచీన కాలం: క్రీ.పూ. 6వ శతాబ్దంలో మిలేతు పట్టణంలో తేలీసు "అన్నిటికీ మూలమేమిటి?" అని అడిగాడు. తరువాతి కాలంలో పునీత పౌలు ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పిన మిలేతు ఇదే. మనిషి ఎలా జీవించాలని ఏథెన్సు వీధుల్లో ప్రశ్నించిన సోక్రటీసుకు క్రీ.పూ. 399లో మరణశిక్ష పడింది. ఆయన శిష్యుడు ప్లేటో, ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్.

మధ్య కాలం: పునీత అగస్టీను (354-430) ప్లేటో మార్గీయుల గ్రంథాలు చదివి ఎంతో గ్రహించారు. పునీత తోమాసు అక్వినాసు (1225-1274) అరిస్టాటిల్‌ను అధ్యయనం చేశారు. "దేవుడు ఉన్నాడా?" అన్న ప్రశ్నకు ఆయన తన మహాగ్రంథం 'సుమ్మా తియొలాజియే'లో మొదట రాసింది లేడనేవారి వాదనే! లోకంలో చెడు ఉంది గదా, మంచివాడైన దేవుడుంటే అదెలా సాధ్యమని. ఆ తరువాతే తన ఐదు మార్గాలు చూపారు. 1277లో పారిస్ పీఠాధిపతి ఖండించిన 219 ప్రతిపాదనలలో కొన్ని తోమాసు బోధకు దగ్గరివే. అయినా 1323లో శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది.

ఆధునిక కాలం: డెకార్ట్ అన్నిటినీ సందేహించి చూశాడు. సందేహించే తాను ఉన్నాననేది మాత్రం సందేహించలేకపోయాడు. దేవుడు ఉన్నాడని గానీ లేడని గానీ కేవల హేతువు నిరూపించలేదని కాంట్ 1781లో వాదించాడు. తోమాసు చూపిన మార్గాలకు ఇది గట్టి సవాలే. దీనిపై చర్చ నేటికీ ముగియలేదు.

సమకాలీన కాలం: యూదు కుటుంబంలో పుట్టిన ఎడిత్ స్టయిన్ చిన్న వయసులోనే ప్రార్థన మానేశారు. తత్వవేత్త హుస్సెర్ల్ వద్ద చదివారు. సత్యాన్ని వెదకుతూ 1922లో జ్ఞానస్నానం పొందారు, తరువాత కార్మెల్ కన్య అయ్యారు. 1942లో ఆష్విట్జ్‌లో నాజీలు ఆమెను చంపారు. 1998లో ఆమె పునీతురాలయ్యారు.

తల్లిదండ్రులారా, ఆమె ప్రశ్నలను ఎవరైనా కసిరి ఆపివేసి ఉంటే? పిల్లవాడు అడిగినప్పుడు తోమాసు చేసినట్టు ముందు వాడి వాదనను పూర్తిగా వినండి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి. కలిసి వెదకుదామనండి. కసురుకుంటే ప్రశ్న పోదు. పిల్లవాడే మనకు దూరమవుతాడు.

కుటుంబంలో చర్చకు: మన ఇంట్లో ఎవరూ అడగడానికి సాహసించని ప్రశ్న ఏది?